ముందుగది దాటని తీగ

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టనేలల్లో ఇల్లు అంటే ఒకే కప్పు కింద ఒదిగిన కట్టడం కాదు. వీధివైపు అరుగు, దర్వాజ, ముందుగది ఉంటాయి. వెనుక దొడ్డి, దొడ్డి చివర పశువుల కొట్టం, దానికి ఆనుకొని పనిముట్లూ ధాన్యపు బస్తాలూ పెట్టుకొనే ఒక అర్ర. నేతవారి ఇల్లయితే ఆ స్థానంలో మగ్గాల షెడ్డు ఉంటుంది. సేద్యం చేసేవారికి ఊరిబయట బావి వద్ద మరొక చిన్నగది కూడా ఉంటుంది. సంసారం వీటన్నింటిలోనూ పరచుకొని సాగుతుంది. అతిథి కూర్చునేది ముందుగదిలో, పని జరిగేది వెనుక. ఇంటర్నెట్ తీగ కూడా అతిథివలె వచ్చి ముందుగదిలోనే కూర్చున్నది.

ఆ తీగ అక్కడిదాకా రావడానికి పట్టిన కాలం స్వల్పమేమీ కాదు. దేశంలోని గ్రామ పంచాయతీలన్నింటినీ ఆప్టికల్ ఫైబరుతో కలపాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో తీర్మానించింది. ఆ పథకమే తరువాత భారత్‌నెట్ అనే పేరు పొందింది. ఫ్లోరైడు నీటితో తరతరాలుగా ఎముకలు వంగిన నల్లగొండ నేలమీద, చౌటుప్పల్‌లో, 2015లో మిషన్ భగీరథ పైలాన్ వెలసింది. ఆ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కందకాల వెంటనే ఫైబరును కూడా తీసుకుపోవాలని రాష్ట్ర ప్రభుత్వం సంకల్పించింది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలను ప్రయోగాత్మకంగా ఆరంభించిన నాలుగు గ్రామాలలో మద్దూరు ఒకటి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ ఊరు ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నది. ప్రైవేటు సంస్థల తీగలు, కేబుల్ టీవీ వారి తీగలు వీటికి అదనం. ఇన్ని మైళ్లు దాటి వచ్చిన తీగ చివరి వంద గజాల ముందు ఆగిపోతే ఆ లోటు ఎవరి లెక్కలోకీ రాదు. ఇంటికి కనెక్షను ఇచ్చినట్లు పద్దు సరిపోతుంది. కొట్టం, షెడ్డు, బావిగది ఏ పట్టికలోనూ కనిపించవు.

లెక్కకు రాని ఆ వంద గజాలలో ఉండేవారు ఎవరన్నదే అసలు ప్రశ్న.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో పాఠశాల విద్యార్థులకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ పాఠాలు మొదలైనాయి. బడులు మూతబడిన ఆ కాలంలో ఇంటిలోని ఏ మూల ఎవరిది అన్నది తొలిసారిగా పెద్ద ప్రశ్న అయింది. టీవీ ఉన్నది ముందుగదిలో. అక్కడికే చుట్టాలు వస్తారు, అక్కడే పెద్దల మాటలు సాగుతాయి, సాయంత్రమైతే ధారావాహికలు మొదలవుతాయి. చదువుకొనే పిల్లకు ప్రశాంతత కావాలంటే వెనుక అర్రలోకి పోవాలి. అక్కడ ప్రశాంతత ఉన్నది, పాఠం లేదు. మగపిల్లవాడు ఫోను పట్టుకొని గుట్టమీదికో రచ్చకట్ట వద్దకో పోయి కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. ఆడపిల్లకు ఆ వెసులుబాటు అన్ని ఇళ్లలోనూ లేదు. ఆమె ముందుగదికీ వెనుక అర్రకూ నడుమనున్న గడపమీద కూర్చొని, అటు పిలిస్తే అటు ఇటు పిలిస్తే ఇటు లేస్తూ చదువుతుంది. కళాశాలలు తిరిగి తెరుచుకొన్నాయి. ప్రవేశపరీక్షల దరఖాస్తులు, నమూనా ప్రశ్నపత్రాలు, అధ్యాపకులు పంపే పాఠాలు మాత్రం ఇంటర్నెట్‌ను విడిచిపోలేదు.

నేత ఇళ్లలోనూ ఇదే వరుస. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, మరోవైపు గద్వాల, నారాయణపేట ఊళ్లలో మగ్గం ఇంటి లోపలనో ఇంటిని ఆనుకొన్న షెడ్డులోనో ఉంటుంది. ఇక్కత్ పనిలో నూలుకు ముందే కట్లు కట్టి రంగు అద్దుతారు. కనుక నమూనా ఒక్క గడి తప్పినా చీర మొత్తం తప్పినట్లే. కొనుగోలుదారు పంపిన బొమ్మను మగ్గం ముందు కూర్చొనే చూడగలగడం, నేసిన కొసను అక్కడినుంచే చూపి అభిప్రాయం అడగగలగడం సౌఖ్యం కాదు, వృత్తిలో భాగం. ఇక్కడ ఒక ఉదాహరణ గుర్తుకు వస్తుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి ఆసు పోస్తూ భుజాల నొప్పితో బాధపడడం చూసి, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ యంత్రంలో విశేషం కేవలం మోటారూ పళ్లచక్రాలూ కాదు. అది ఆ తల్లి కూర్చొనే చోటికే చేరింది. నేతలో స్త్రీలు చేసే పని ఇంటి వెనుక భాగంలో జరుగుతుందన్న ఎరుక ఆ యంత్ర నిర్మాతకు పుట్టుకతోనే ఉన్నది. ఇంటికి వైఫై పెట్టించుకొనే కుటుంబ యజమానికి ఆ ఎరుక తరచుగా ఉండదు.

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ హంగామా దేనికి అన్నవారు ఉంటారు. ఫోను సంకేతం టవరు నుంచి వస్తుంది. పాలమూరు ఇళ్ల రాతిగోడలు, గద్వాల వైపు మట్టిమిద్దెలు ఆ సంకేతాన్ని చాలావరకు పీల్చివేస్తాయి. రేకుల కప్పు దానిని పైకే తిప్పి కొడుతుంది. ఊరికీ టవరుకూ నడుమ నల్లరాతి గుట్ట ఒకటి ఉంటే చెప్పనక్కరలేదు. అన్నింటికీ మించి, ఇంటిలో మంచి ఫోను ఒక్కటే ఉన్నచోట అది తెల్లవారగానే తండ్రి జేబులో పొలానికి పోతుంది. నెలకు ఒకసారి చెల్లు చెల్లించి ఇంటిల్లిపాదీ వాడుకొనే తీగ ఉండగా, ఆ తీగ అందని మూలలో ఉన్నవారు ఎవరి ఫోనుకోసమో ఎదురుచూడడం ఏమి న్యాయం?

ఆ తీగను వెనుకకు పొడిగించడం అసాధ్యమూ కాదు, అనుమతి కావలసినదీ కాదు. ఒకప్పుడు అనుమతి కావలసి వచ్చేది. 1933లో వచ్చిన భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇంటిలో రేడియో ఉన్నవారు తపాలా కార్యాలయానికి వెళ్లి ఏటేటా రుసుము కట్టి పుస్తకంలో బిళ్లలు అంటించుకొని వచ్చిన రోజులు పెద్దలకు ఇంకా గుర్తున్నాయి. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పట్టీని ఆరుబయట సైతం లైసెన్సు లేకుండా వాడుకొనేందుకు తెరిచింది. ప్రసారశక్తి 1 వాటును, ఆంటెన్నాతో కలిపి చూస్తే 4 వాట్లను మించరాదన్నది నియమం. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని పట్టీలకూ ఈ స్వేచ్ఛ విస్తరించింది. తెలంగాణ పల్లెల భాషలో చెప్పాలంటే ఇది ఆకాశంలోని బంచరాయి. ఎవరి పశువునైనా తోలుకొని పోవచ్చు, కంచె వేసి నాదే అనడానికి ఎవరికీ హక్కు లేదు. బంచరాయిలో మందలు ఎక్కువైతే గడ్డి తగ్గినట్లే, పక్కపక్క ఇళ్ల పరికరాలన్నీ ఒకే ఛానెలులో మాట్లాడితే అందరి వేగమూ తగ్గుతుంది. పట్టణాలలో ఇది నిత్యం జరిగేదే. విడివిడిగా ఇళ్లుండే పల్లెకు మాత్రం ఇది ఇంకా పచ్చగానే ఉన్న బంచరాయి.

పని సులభమే అయినా పద్ధతి తెలియక డబ్బు పోగొట్టుకొనేవారే ఎక్కువ. వెనుక గదికి సంకేతం అందడం లేదనగానే అంగడిలో మొదట చేతికిచ్చేది రిపీటరు. అది రూటరు మాటను విని తిరిగి పలికే పరికరం. సామాన్యమైన రిపీటరు వినడం, పలకడం రెండూ ఒకే ఛానెలులో చేస్తుంది కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా దానిని సంకేతం లేని కొట్టంలో పెట్టి పనిచేయడం లేదని తిట్టేవారు కోకొల్లలు. వినపడని చోట నిలబెట్టినవాడు తిరిగి ఏమి చెప్పగలడు?

దూరం తక్కువైతే మంచి కేబులు వేయడమే మేలు. రాగితీగ నెట్‌వర్కు కేబులు 100 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. అయితే ఒక కప్పునుంచి మరొక కప్పుకు ఆరుబయట రాగితీగ లాగినచోట, ఎండాకాలపు చివరి ఉరుముల వానలో సమీపాన పిడుగు పడితే, ఆ ఉప్పెన తీగవెంట నడిచి రెండు వైపులా పరికరాలను కాల్చివేయగలదు. ఈ ఒక్క కారణంచేతనే రెండు కట్టడాల నడుమ ఫైబరుగానీ గాలిగానీ నమ్మదగినవి. గాలిదారికి కావలసింది ఆరుబయట వానకూ ఎండకూ తట్టుకొనే రెండు చిన్న ఆంటెన్నాలు. ఒకటి ఇంటి మిద్దెమీద, మరొకటి కొట్టం వద్దనో బావిగది వద్దనో, రెండూ ఒకదాని ముఖం ఒకటి చూచుకొనేటట్లు నిలపాలి. మొదటిదానిని ముందుగదిలోని రూటరుతో కలపాలి. రెండవదాని కింద మరొక చిన్న వైఫై పెట్టెను అమర్చాలి. ఆంటెన్నాకు కరెంటు కూడా అదే కేబులు గుండా పోతుంది కనుక మిద్దెమీద వేరే ప్లగ్గు అక్కరలేదు. ఖర్చు అయ్యేది కొద్ది వాట్లే కాబట్టి కరెంటు పోయినప్పుడు చిన్న బ్యాటరీ సరిపోతుంది. ఈ జత ఖరీదు మధ్యరకం స్మార్ట్‌ఫోను ధరను మించదు.

ఈ గాలిదారిలో ఒక మర్మం ఉన్నది. కంటికి ఎదుటి ఆంటెన్నా కనిపించినంత మాత్రాన దారి ఉన్నట్లు కాదు. తరంగం నడిచే దారి సూదిమొన వంటి గీత కాదు. అది నేతగాని నాడె ఆకారంలో రెండు కొసల వద్ద సన్నగా, నడుమ ఉబ్బుగా ఉంటుంది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుతో దానిని వ్యవహరిస్తారు. 300 మీటర్ల దూరానికి, 2.4 గిగాహెర్ట్జ్ తరంగమైతే, నట్టనడుమ ఆ ఉబ్బు నడిగీతనుంచి దాదాపు 3 మీటర్లు. 5.8 గిగాహెర్ట్జ్ అయితే 2 మీటర్లు. ఆ కొలతలో కనీసం అరవైపాళ్లయినా అడ్డు లేకుండా ఉండాలి. ఉగాది రోజులలో, చేలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఆంటెన్నాలు బిగించి, ఆహా ఎంత వేగమని సంతోషించిన ఇంటివారు దసరా నాటికి విసుగుపడడానికి కారణం ఇదే. నడుమ చేలో జొన్న నిలువెత్తు లేచి ఉంటుంది, కంది గుబురుగా కమ్మి ఉంటుంది. పచ్చి ఆకులోని నీరు ఈ తరంగాలను తాగివేస్తుంది. కంది రెండు మీటర్లు ఎదిగే చేను నడుమ ఉంటే, పై లెక్కన ఆ నడిగీత నేలకు నాలుగు మీటర్ల ఎత్తున సాగాలి. మిద్దెమీద ఒక గొట్టం, బావిగది మీద ఒక గొట్టం నాటితే అది నెరవేరుతుంది. అడ్డుగా వేపచెట్టు ఉన్నదని గొడ్డలి తీసేవారూ లేకపోలేదు. గొడ్డలి తీయడానికి ముందు గొట్టాన్ని పది అడుగులు పక్కకు జరిపి చూడడం చెట్టుకూ మంచిది, కొట్టం ముందరి నీడకూ మంచిది.

వంద గజాల సంగతి అటుంచి, ఇదే వైఫైతో పదుల కిలోమీటర్ల దూరాన్ని దాటించినవారు మన దేశంలోనే ఉన్నారు. 2000 దశకం తొలినాళ్లలో ఐఐటీ కాన్పూరు పరిశోధకులు గంగా మైదానపు పల్లెల నడుమ ఎత్తయిన స్తంభాలు నిలిపి, దాదాపు 40 కిలోమీటర్ల పొడవైన లంకెను కూడా నడిపి చూపారు. ఆ దశకంలోనే నాటి పశ్చిమగోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో గ్రామాలను ఇలాగే కలిపి, దూరవిద్యకూ దూరవైద్యానికీ వాడింది. తమిళనాడులోని తేని ప్రాంతంలో అరవింద కంటి ఆసుపత్రి, అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి, పల్లెల దృష్టికేంద్రాలను ఆసుపత్రితో వైఫై ద్వారా అనుసంధించింది. పల్లెలో కూర్చొన్న రోగి కంటిని పట్టణంలోని వైద్యుడు తెరమీద పరీక్షించగలిగాడు. డెల్టావంటి చదును నేలమీద ఎత్తుకోసం టవర్లు కట్టవలసి వచ్చింది. నల్లగొండ, పాలమూరు సీమలో ప్రకృతి ఆ టవర్లను గుట్టల రూపంలో ముందే కట్టి ఉంచింది. గుట్ట నడుమ వస్తే అడ్డు, గుట్ట మీదికి ఎక్కితే ఆసరా.

బావివద్దకు ఈ దారి చేరడంలో మరొక లాభం కనిపిస్తుంది. వ్యవసాయానికి కరెంటు విడతలు విడతలుగా, అర్ధరాత్రివేళ వచ్చిన కాలంలో, మోటారు వేయడానికి చీకటిలో గట్లవెంట పోయి పాముకాటుకో విద్యుదాఘాతానికో గురైన రైతులు ఈ రెండు జిల్లాలలో ఎందరో. 2018 జనవరి 1 నుంచి ఇరవైనాలుగు గంటల సరఫరా మొదలైన తరువాత ఆ దుస్థితి చాలావరకు తగ్గింది. కానీ మరొక చిక్కు వచ్చింది. కరెంటు రాగానే తనంత తానే మోటారును నడిపే ఆటోస్టార్టర్లు రేయింబవళ్లు నీరు తోడివేస్తున్నాయని, భూగర్భజలం అడుగంటుతుందని, వాటిని తొలగించుకొమ్మని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చింది. ఇంట కూర్చొని బావిని చూడగల సాధనం ఆటోస్టార్టరుకు తమ్ముడు కాకూడదు. మడి తడవగానే మోటారును ఆపడానికి పనికివచ్చినప్పుడే అది రైతుకు మేలు చేసినట్లు. తోడడానికి మాత్రమే పనికివస్తే, వెయ్యి అడుగుల లోతుకు బోరు వేసినా చుక్క పడని సీమలో అది తొందరగా ఎండే బావికి మరింత తొందర నేర్పుతుంది.

పెద్దల భయం ఒకటి ఉన్నది, దానిని తేలికగా కొట్టివేయరాదు. కొట్టం పక్క అర్రదాకా ఇంటర్నెట్ పోతే పిల్లవాడు రాత్రంతా అక్కడే ఆటలలో మునిగిపోతాడని వారి బెంగ. అది జరిగేదే. కానీ ఆ బెంగ పేరిట అడ్డుకట్ట పడుతున్నది ఎక్కువగా చదివే పిల్లకూ, నేసే ఇల్లాలికీ. ఆటలాడేవాడు గుట్ట ఎక్కి ఆడుకొంటూనే ఉన్నాడు. రాత్రి ఫలానా వేళకు ఆ గదివైపు వైఫై ఆగిపోయేటట్లు సమయం నిర్ణయించే సదుపాయం ఇప్పటి రూటర్లలో చాలావాటికి ఉన్నది. ముందుగది టీవీకి మాత్రం అటువంటి వేళను ఏ ఇంటిలోనూ ఎవరూ నిర్ణయించినట్లు కనిపించదు.

ఇరుగుపొరుగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మిద్దెమీది ఆంటెన్నా తరంగం ఇంటి సరిహద్దు వద్ద ఆగదు. గట్టి పాస్‌వర్డు లేకపోతే దారినపోయే ఎవరైనా అందులో చేరవచ్చు, వారు చేసిన తప్పుకు మొదట పిలుపు వచ్చేది కనెక్షను ఎవరి పేరుమీద ఉంటే వారికే. పక్కింటికి రుసుము తీసుకొని పంచడం ఇంటి కనెక్షనుతో చేయదగిన పని కాదు. అందుకు 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం ఉన్నది. చిన్న కిరాణాకొట్టు యజమాని కూడా లైసెన్సు రుసుము లేకుండా ఊరికి వైఫై అందించే వీలు అందులో కల్పించారు.

ఇక మిద్దె ఎక్కేది ఎవరు? ఇటువంటి పనికి ఇళ్లలో కొడుకునో, పట్టణంనుంచి మెకానిక్కునో పిలవడం రివాజు. వేరొక ఏర్పాటు దగ్గరలోనే ఉన్నది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం భౌతికశాస్త్రంలో తరంగాల పాఠం, విద్యుదయస్కాంత తరంగాల పాఠం చదివిన అమ్మాయి అదే ఇంటిలో గడపమీద కూర్చొని ఉన్నది. ఆంటెన్నాను ఒక్కొక్క వేలెడు అటూ ఇటూ తిప్పుతూ, సంకేతబలం చూపే అంకెను ఫోనులో చదువుతూ, ఆ అంకె అన్నింటికంటే మెరుగైన చోట మరను బిగించడమే చేయవలసినది. ఒకరు మిద్దెమీద, ఒకరు బావిగది మీద ఉండాలి. ఒక పూట పని. చేలో కంది ఇంకా మోకాలెత్తు దాటకముందే మొదలుపెడితే, ఎదిగే పైరుకు ఎంత ఎత్తు వదలాలో కొలుచుకొని గొట్టం నాటడానికి వీలుంటుంది.